బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? డిస్క్ మార్పించే ముందు దాని వెనక ఏముందో చూడండి

టైటిల్ చూసి వచ్చారంటే మీ కారుకి గానీ, మీ ఇంట్లో వాళ్ల కారుకి గానీ ఈ జబ్బు ఉన్నట్టే. హైవే మీద 80లో పోతున్నారు. ముందు లారీ స్లో అయింది, మీరు బ్రేక్ మీద మెల్లగా కాలు పెట్టారు. అంతే, స్టీరింగ్ గడగడా కొట్టుకుంటుంది. డ్యాష్‌బోర్డ్ మీద వినాయకుడు కూడా ఊగిపోతాడు. స్పీడ్ 40కి దిగేసరికి ఏమీ లేదు, అంతా మామూలే. బ్రేక్ మీంచి కాలు తీసినా అంతే, ఠక్కున ఆగిపోతుంది.

ఇది ఎవరికి చెప్పినా మన వైజాగ్‌లో ఒకటే మాట వినిపిస్తుంది: "డిస్కు బెండైపోనాది సార్, మార్చీడమే." మారుస్తారు. కారు వెన్నలా ఆగుతుంది. మీరు హ్యాపీ. మూడు నాలుగు నెలలకి మళ్లీ అదే వణుకు. అప్పుడు "పార్ట్ డూప్లికేట్ అయ్యుంటది" అంటారు, మళ్లీ మారుస్తారు. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను కదా, ఇలాంటిది అక్కడ రోజూ చూసేవాళ్లం. సర్వర్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ కొట్టడం. రెండు రోజులు నడుస్తుంది, బగ్ మాత్రం లోపలే కూర్చుని ఉంటుంది.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. వణుకులన్నీ ఒకటి కావు. బ్రేక్ ముట్టుకోకపోయినా 90లో స్టీరింగ్ వణుకుతుంటే అది టైరు, రిమ్ము, వీల్ బ్యాలెన్సింగ్ వైపు చూడాల్సిన కేసు. ఈ ఎపిసోడ్ దాని గురించి కాదు. గట్టిగా సడన్ బ్రేక్ వేసినప్పుడు పెడల్ కింద టకటకటక అని వేగంగా తన్నితే అది ఏబీఎస్ తన పని తాను చేసుకోవడం. భయపడక్కర్లేదు, కాలు తీయకూడదు కూడా. మెల్లగా బ్రేక్ వేసినప్పుడు మాత్రమే వచ్చి, కారు నెమ్మదించేకొద్దీ దడదడ కూడా నెమ్మదిస్తే, అది మన కేసు. అందులో వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ఎక్కువగా ముందు చక్రాలు. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు కింద, నడుము దగ్గర తెలిస్తే వెనక చక్రాల మీద అనుమానం. అలైన్‌మెంట్ చేయించమని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. అలైన్‌మెంట్ తప్పితే కారు ఒక పక్కకి లాగుతుంది, టైర్లు అడ్డదిడ్డంగా అరుగుతాయి. బ్రేక్ వేసినప్పుడే వచ్చే వణుకుకి దానితో సంబంధం లేదు.

ఇప్పుడు కేసులోకి వద్దాం. కారు మా పెద్దనాన్నది. ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, ఐదేళ్లది. ఆయన స్టీల్ ప్లాంట్‌లో, రోలింగ్ మిల్లు మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యారు. మా అక్క డాలస్‌లో ఉంటుంది. పురుడు పోయడానికని పెద్దనాన్న, పెద్దమ్మ వెళ్లి ఐదు నెలలు అక్కడే ఉన్నారు. అన్ని నెలలూ కారు లాసన్స్ బే కాలనీలో, అపార్ట్‌మెంట్ కింద, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో కవర్ కప్పుకుని నిలబడిపోయింది. వచ్చాక తీస్తే వణుకు. ఒక వర్క్‌షాప్‌లో ముందు డిస్కులు రెండూ, ప్యాడ్లు, లేబర్ కలిపి పద్దెనిమిది వేలు తీసుకుని మార్చారు. బాగైంది. నాలుగో నెలకి మళ్లీ మొదలు.

ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మే కనిపెట్టింది, బ్రేక్ వేసినప్పుడల్లా చేతులు వణుకుతున్నాయని. వయసు అరవై ఏడు, పైగా షుగర్. ఇంకేం, డాలస్ నుంచి అక్క ఫోను: "నాన్నా, డ్రైవింగ్ మానేసెయ్, డ్రైవర్‌ని పెట్టుకో." కారు అమ్మేద్దామన్న మాట కూడా వచ్చేసింది. ఒకరోజు నన్ను పిలిచి తాళం చేతిలో పెట్టి, "ఒరే నాన్నా, ఓసారి నడిపి చూడు. వణికేది కారా, నా చేతులా? నాకే అర్థం కావట్లేదు" అన్నారు. నడిపాను. కారే.

సరే, ఎందుకు వణుకుతుంది? డిస్క్ బ్రేక్ అంటే చక్రంతో పాటు తిరిగే ఒక పోత ఇనుము పళ్లెం. దాన్ని రెండు పక్కల నుంచి రెండు ప్యాడ్లు నొక్కుతాయి. సైకిల్ రిమ్ముని బ్రేక్ రబ్బర్లు పట్టుకున్నట్టే. పళ్లెం మందం అంతటా ఒకేలా ఉంటే పట్టు కూడా ఒకేలా ఉంటుంది. ఒకచోట మందం కాస్త ఎక్కువగా ఉందనుకోండి, ఆ చోటు ప్యాడ్ల మధ్యకి వచ్చినప్పుడల్లా పట్టు పెరుగుతుంది, దాటగానే తగ్గుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక గుంజు. ఆ గుంజే స్టీరింగ్‌కి చేరేది.

ఎంత తేడా ఉంటే తెలుస్తుందో చెప్తే నమ్మరు. 0.02 మిల్లీమీటర్లు చాలు. మన తల వెంట్రుక మందం సుమారు 0.07 అనుకుంటే, అందులో మూడో వంతు కూడా కాదు. కంటికి కనిపించదు, వేలితో తడిమితే తెలియదు. కాబట్టి చక్రం విప్పి, ఓ చూపు చూసి "బెండైంది" అన్నవాళ్లు ఆ తేడాని చూసి చెప్పలేదు, ఊహించి చెప్పారు. నిజానికి రోడ్డు మీద తిరిగే కారులో పోత ఇనుము డిస్కు అప్పడంలా వంకర పోవడం చాలా అరుదు. అమెరికాలో క్యారల్ స్మిత్ అని ఒక రేసింగ్ ఇంజినీర్ ఉండేవారు. వార్ప్ అయిందని జనం తెచ్చే డిస్కుల్లో అసలు సంగతి వంకర కాదు, ప్యాడ్ పదార్థం డిస్కు మీద అక్కడక్కడా ఎక్కువ తక్కువగా అంటుకోవడం అని వివరంగా రాశారు. అది ఒక కారణం. పెద్దనాన్న కారుకి దొరికింది రెండో కారణం. సముద్రం పక్కన ఉన్న మనకి ఇంకా ముఖ్యమైంది అదే.

హబ్ అని ఒకటుంటుంది. డిస్కు వెళ్లి ఆనుకునేది దాని ముఖానికే. ఉప్పుగాలికి ఆ ముఖం మీద తుప్పు పొర కడుతుంది. పాత డిస్కు పీకి, తుప్పు గీకకుండా దాని మీదే కొత్త డిస్కు పెట్టేశారనుకోండి. హబ్ ముఖం అడ్డంగా సుమారు 14 సెంటీమీటర్లు. దాని అంచున ఒక పక్క 0.05 మిల్లీమీటర్ల తుప్పు ఉంటే డిస్కు ఆ మేరకు ఒరిగి కూర్చుంటుంది. డిస్కు అడ్డంగా 28 సెంటీమీటర్లు, అంటే రెండింతలు. కాబట్టి అంచు దగ్గర ఊగు 0.1 మిల్లీమీటర్ అవుతుంది. దీన్నే రనౌట్ అంటారు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఒరిగిన డిస్కు మొదటి రోజే వణికించదు, ఎందుకంటే మందం అప్పటికి అంతటా సమానమే. క్యాలిపర్ దానితో పాటు కాస్త అటూ ఇటూ జరిగి సర్దుకుంటుంది. కానీ మీరు బ్రేక్ వేయకుండా పోతున్నప్పుడు కూడా ఆ ఒరిగిన అంచు చక్రం తిరిగిన ప్రతిసారీ ప్యాడ్‌ని తాకుతూ పోతుంది. ఒక కిలోమీటరుకి చక్రం నాలుగు వందల సార్లకి పైగా తిరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు అలా ఒకేచోట రాసుకుంటే అక్కడ డిస్కు అరిగి మందంలో తేడా వచ్చేస్తుంది. అప్పుడు మొదలవుతుంది వణుకు. డిస్కు మార్చాక మూడు నాలుగు నెలలు బాగుండి మళ్లీ రావడం వెనక ఉన్న కథ ఇదే. పార్ట్ డూప్లికేటే అయ్యుండాలని లేదు. అసలు పార్టే, తుప్పు మీద కూర్చుంది.

ఐదు నెలలు నిలబడ్డ కారుకి ఇంకోటి కూడా జరుగుతుంది. ప్యాడ్ కింద ఉన్న భాగం ఒకలా, గాలి తగిలే భాగం ఇంకోలా తుప్పు పట్టి, డిస్కు మీద ప్యాడ్ ఆకారం అచ్చు పడిపోతుంది. బీచ్ రోడ్ సైడ్ ఉండేవాళ్లకి రాత్రి వాన పడి పొద్దున్నే డిస్కు ఎర్రగా కనిపించడం వేరు. అది నాలుగు బ్రేకులకి పోతుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆ అచ్చు మాత్రం అంత తేలిగ్గా పోదు. పెద్దనాన్న కారు మొదటిసారి వణికింది బహుశా దీనివల్లే. రెండోసారి హబ్ తుప్పు వల్ల.

ఇప్పుడు ఫోన్ తీయండి. మీ ఫోన్‌లో యాక్సెలరోమీటర్ ఉంటుంది కదా, స్క్రీన్ తిప్పితే వీడియో తిరిగేది దానివల్లే. జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉంది, ఫ్రీ. అందులో యాక్సెలరేషన్ స్పెక్ట్రమ్ అని ఉంటుంది, వణుకు సెకనుకి ఎన్నిసార్లు వస్తోందో చూపిస్తుంది. ఇలాంటి బండ్లకి 235/65 ఆర్17 సైజు టైరు మామూలే. దాని చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. 80లో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకి తొమ్మిదిన్నర సార్లు తిరుగుతుంది. ఫోన్‌ని రెండు సీట్ల మధ్య కన్సోల్ మీద టేపుతో గట్టిగా అంటించాం. గ్రాఫ్‌లో ముల్లు తొమ్మిది, పది మధ్య లేచింది. 60కి వస్తుంటే ఏడు దగ్గరికి జరిగింది. స్పీడ్‌తో పాటు జరిగిందంటే అది చక్రంతో తిరిగే వస్తువే. బ్రేక్ వదలగానే ముల్లు పడిపోయింది కాబట్టి టైరు కాదు, బ్రేకే. డిస్కు మీద రెండు చోట్ల మందం ఉంటే దీనికి రెట్టింపు దగ్గర కూడా ముల్లు లేస్తుంది. ఐదారు సెకన్ల బ్రేకింగ్‌లో మరీ కచ్చితమైన నంబరు రాదు గానీ, దిక్కు తెలుస్తుంది.

వణుకు 80, 100 మధ్య ఎక్కువై 40లో మాయమవడానికి కారణం కూడా ఆ నంబర్లలోనే దొరుకుతుంది. చక్రం, హబ్, సస్పెన్షన్ కలిపి ఉయ్యాల లాంటివి. వాటికంటూ ఒక సహజమైన ఊపు ఉంటుంది, మామూలుగా సెకనుకి 10 నుంచి 15 సార్లు. మీ గుంజు ఆ ఊపుతో కలిసినప్పుడు చిన్నది పెద్దదవుతుంది. 40లో సెకనుకి ఐదు సార్లే కాబట్టి ఉయ్యాల పట్టించుకోదు. జబ్బు పోయిందని కాదు.

ఈ టెస్ట్ చేసేటప్పుడు నా మాట వినండి. మేం తెల్లవారుజామున ఆనందపురం దాటాక, ఖాళీ రోడ్డు మీద చేశాం. ఒకరు నడపాలి, ఇంకొకరు ఫోన్ చూడాలి. ఒక్కరే రెండూ చేయొద్దు. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో అస్సలు వద్దు. వెనక బండి లేదని అద్దంలో చూసుకుని 80 నుంచి 40 వరకు మెల్లగా బ్రేక్, అంతే.

తర్వాత ఆటోనగర్‌కి వెళ్లాం. నాకు తెలిసిన ఒక మెకానిక్ అన్న ఉన్నాడు, కొలవడానికి విసుక్కోడు. అదే పెద్ద క్వాలిఫికేషన్. డయల్ గేజ్ మాత్రం ఆయన దగ్గర లేదు. పెద్దనాన్న ఇంటి నుంచి తన డబ్బా తెచ్చారు. మిల్లులో షాఫ్టులు, కప్లింగులు సరిగ్గా కూర్చున్నాయో లేదో ముప్పై ఏళ్లు అదే పనిముట్టుతో చూసిన మనిషి. నేను యూట్యూబ్‌లో నేర్చుకున్నదంతా ఆయనకి చెప్పబోతే నవ్వారు.

పద్ధతి ఇది. కారు జాకీ మీద ఒక్కదాని మీదే వదలకుండా స్టాండ్లు పెట్టాలి, కింద ఉన్న చక్రాలకి అడ్డు పెట్టాలి. చక్రం విప్పాక డిస్కు వదులుగా ఉంటుంది కాబట్టి వాషర్లు వేసి అవే నట్లతో హబ్‌కి బిగించాలి. వీల్ బేరింగ్‌లో ఆట ఉందేమో ముందే ఊపి చూడాలి, లేకపోతే కొలత అంతా అబద్ధమే. గేజ్ మాగ్నెట్‌ని కదలని ఇనుప భాగానికి అతికించి, ముల్లు డిస్కు అంచుకి ఒక సెంటీమీటరు లోపల ఆనించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. చాలా కార్లకి 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ మధ్య ఎక్కడో హద్దు ఉంటుంది, మీ కారుది సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. మాకు కుడి పక్క 0.06 వచ్చింది. ఎడమ పక్క 0.14.

అప్పుడు పెద్దనాన్న డిస్కుని విప్పి, ఒక నట్టు దూరం తిప్పి మళ్లీ బిగించమన్నారు. ఎత్తైన చోటు డిస్కుతో పాటు తిరిగిపోతే తప్పు డిస్కుది. హబ్ దగ్గరే ఉండిపోతే తప్పు హబ్‌ది. ఒక్కటే మార్చు, ఏం మారిందో చూడు. డీబగ్గింగ్‌లో నాకు నేర్పింది కూడా ఇదే కదా! ఎత్తు హబ్ దగ్గరే ఉండిపోయింది. డిస్కు పూర్తిగా తీసి చూస్తే హబ్ ముఖం మీద, నట్ల మధ్య, గోధుమ రంగు పొర చెక్కులు చెక్కులుగా ఉంది.

వైర్ బ్రష్, ఎమరీ పేపర్, బ్రేక్ క్లీనర్, ఇంకో అరగంట ఓపిక. డిస్కు లోపలి వైపు హబ్‌కి ఆనే భాగం కూడా అలాగే గీకాలి. మళ్లీ బిగించి కొలిస్తే 0.03. ఈ ఒక్క పనికి పార్టులేమీ అక్కర్లేదు.

కానీ అప్పటికే డిస్కు అరిగిపోయింది కదా. మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిస్తే తేడా 0.03 దాటింది. ప్రతి డిస్కు మీదా కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. దానికన్నా పైన ఇంకా బోలెడు ఉంది కాబట్టి లేత్ మీద ఇరుపక్కలా పల్చగా స్కిమ్మింగ్ చేయించాం. ఆ హద్దుకి దగ్గరగా ఉంటే మాత్రం స్కిమ్మింగ్ అనకండి, కొత్తవి వేయండి. పల్చటి డిస్కు వేడి తట్టుకోలేదు. వేసేటప్పుడు ఎడమ, కుడి జతగానే.

బిగించడం దగ్గర ఇంకో దొంగ ఉన్నాడు, ఇంపాక్ట్ గన్. టైర్ల షాపులో బుర్రుమని నాలుగు సెకన్లలో ఐదు నట్లు కొట్టేస్తారు. ఒకటి మరీ బిగుతు, పక్కది తక్కువ. డిస్కు హబ్‌కీ రిమ్ముకీ మధ్య నలిగి ఒక పక్కకి ఒత్తుకుంటుంది, మళ్లీ రనౌట్. చేత్తో బిగించి, నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా, చివర్న టార్క్ రెంచ్‌తో పూర్తి చేయమనండి. ఈ సైజు బండ్లకి చాలావరకు 100 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ ఓనర్ మాన్యువల్లో సరైన అంకె ఉంటుంది. పంక్చర్ వేయించుకున్న తర్వాత కూడా ఇదే రూల్. ఓ యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చెక్ చేయాలి.

క్యాలిపర్ స్లైడ్ పిన్లు కూడా చూపించుకోండి. ఉప్పుగాలికి అవి పట్టేస్తే బ్రేక్ వదిలినా ప్యాడ్ వదలదు, లోపలి ప్యాడ్ ఒక్కటే తెగ అరిగిపోతుంది. కాసేపు తిరిగి వచ్చాక ఒక చక్రం దగ్గర మాత్రమే బాగా వేడి కొడుతుంటే ఇదే. శుభ్రం చేసి బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి. లోయర్ ఆర్మ్ బుష్‌లు చిరిగినా, బాల్ జాయింట్ వదులైనా చిన్న వణుకు పెద్దగా తెలుస్తుంది. షీలానగర్, పోర్ట్ రోడ్డు మీద కంటైనర్ లారీల మధ్య రోజూ తిరిగే బండైతే ఇవి చూడకుండా వదలొద్దు. అయితే వణుకు పుట్టేది వాటి దగ్గర కాదు, పెరిగేది వాటి దగ్గర.

పని అయ్యాక ప్యాడ్లని డిస్కుకి అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డులో 60 నుంచి 10 వరకు, మరీ గట్టిగా కాకుండా, ఎనిమిది పది సార్లు, మధ్యలో కాస్త చల్లారనిస్తూ. పూర్తిగా ఆపకూడదు.

ఎందుకు ఆపకూడదో అరకు ఘాట్ మీద బాగా అర్థమవుతుంది. ఏడుగురు, సామాన్లు కలిపి కారు 2,400 కిలోలు అనుకోండి, 800 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. లెక్క కడితే 5 యూనిట్ల కరెంటు పైనే. రెండు వేల వాట్ల గీజర్‌ని రెండున్నర గంటలు వేసి ఉంచినంత వేడి. కొంత గాలికి, కొంత ఇంజిన్‌కి పోతుంది. పెట్రోలు మిగులుద్దని న్యూట్రల్లో దిగే మహానుభావులకి ఇంజిన్ వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది. అంత వేడెక్కిన డిస్కుతో కిందికి వచ్చి, టీ కొట్టు ముందు బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోటే అచ్చు పడుతుంది. స్మిత్ చెప్పిన కారణం ఇదే. సెకండ్, థర్డ్ గేర్‌లో దిగండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. ఘాట్ అయ్యాక రెండు మూడు కిలోమీటర్లు బ్రేక్ పెద్దగా వాడకుండా నడిపి గాలి తగలనిచ్చి, అప్పుడు ఆపండి. ఆపగానే చక్రాల మీద చల్లనీళ్లు కొట్టించకండి.

పెద్దనాన్న రిపేర్ అయిన రెండో వారమే అరకు వెళ్లి వచ్చారు. పోనూ రానూ ఆయనే నడిపారు. వెనక సీట్లోంచి పెద్దమ్మ డాలస్‌కి వీడియో కాల్ పెట్టి స్టీరింగ్ మీద ఆయన చేతులు చూపించిందట. అక్క ఇంకా డ్రైవర్ గురించి అడుగుతూనే ఉంది, అది వేరే సంగతి.

చివరిగా ఒక్కటి, ఇది వణుకుతో కలిపేయకండి. ఘాట్ దిగుతుండగా పెడల్ మెత్తగా అయిపోయి, స్పాంజ్ తొక్కినట్టు కిందికి పోతుంటే అది బ్రేక్ ఫ్లూయిడ్ మరగడం. ఈ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన ఊళ్లో తేమకి కొదవ లేదు. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. అందుకే రెండేళ్లకోసారి మార్పించండి. వణుకుతో జాగ్రత్తగా ఇంటికి రావచ్చు. పెడల్ మెత్తబడితే మాత్రం రావొద్దు. పెడల్‌ని పదేపదే తొక్కుతూ, గేర్ తగ్గించుకుంటూ, కొండ వైపు అంచుకి తీసి ఆపేయండి. చక్రం కింద రాయి పెట్టి అందర్నీ దింపండి. గంట చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడినట్టే ఉంటుంది. ఆ గట్టిదనాన్ని నమ్మి మిగతా ఘాట్ దిగకండి, మెకానిక్‌నో టోయింగ్ బండినో పిలిపించండి.